కాలనీ ఇంటి స్లాబు సెగ తగ్గాలంటే 10 వేలలో ముందు ఏం చేయాలి?

సింగరాయకొండ చిన్నోడు
ఫిబ్రవరి 20, రాత్రి 11:48

అందరికీ నమస్కారం. మాది సింగరాయకొండ పక్కన ప్రభుత్వ కాలనీ ఇల్లు. సెంటున్నర స్థలంలో 340 చదరపు అడుగులు. ఒక గది, వంటిల్లు, బాత్రూము. బూడిద ఇటుక గోడలు, పైన 4 అంగుళాల స్లాబు. నిరుడు ఉగాది తర్వాత గృహప్రవేశం చేశాం. సొంత ఇంట్లో చేరిన సంతోషం మే నెలతో పోయింది.

పగలు ఎట్టాగో గడిచిపోయేది. అమ్మ ఎదురింటి వేపచెట్టు కింద కూర్చునేది, నేను పనికి పోయేవాణ్ణి. రాత్రే అసలు బాధ. ఎనిమిదింటికి సముద్రపు గాలి తిరిగి బయట హాయిగా ఉన్నా, లోపలికి అడుగు పెడితే ఇటుకల బట్టీ పక్కన నిలబడ్డట్టే. ఒకరోజు రాత్రి పదిన్నరకి మంచమెక్కి స్లాబుకి అరచెయ్యి ఆనించాను. ఎనిమిది లెక్కపెట్టేసరికి తీసేయాల్సి వచ్చింది. ఫ్యాను ఆ సెగనే తీసుకుని మా మీదికి తోస్తుంది. అమ్మకి బీపీ ఉంది. తువ్వాలు తడిపి ఛాతీ మీద కప్పుకునేది, అరగంటకి అది ఎండిపోతే లేచి మళ్లీ తడుపుకునేది. ఆ చప్పుడుకి నాకూ నిద్ర పట్టేది కాదు.

ఈ ఏడు మా అక్క కాన్పుకి వస్తోంది. ఏప్రిల్ మొదటి వారం అన్నారు. పసిబిడ్డని ఆ గదిలో పడుకోబెట్టాలంటే భయంగా ఉంది. కూలర్ కొనమంటాడు మావయ్య. పక్కింటాయన థర్మకోల్ సీలింగ్ అంటాడు. మొన్న ఒకతను వచ్చి హీట్ ప్రూఫ్ కోటింగ్ 18 వేలకి వేస్తానన్నాడు. నా దగ్గర ఉన్నవి 10 వేలు. తెలిసినవాళ్లు చెప్పండి, తప్పు చేస్తే మళ్లీ కూడబెట్టడానికి ఇంకో ఏడాది పడుతుంది.

ఒంగోలు గిత్త
ఫిబ్రవరి 21, ఉదయం 6:55

తమ్ముడూ, పసిబిడ్డ అంటున్నావు కాబట్టి చెప్తున్నా, మంచి కూలర్ ఒకటి తీసుకో. ఈ వేసవికి గట్టెక్కుతారు. ఇంటి సంగతి నిదానంగా చూసుకోవచ్చు.

నెల్లూరు సివిల్
ఫిబ్రవరి 21, ఉదయం 9:20

గిత్తగారి మాట మంచి మనసుతో అన్నదే, కానీ నాకు నచ్చలేదు. కూలర్ పని చేయాలంటే గాలి పొడిగా ఉండాలి. పడమటి గాలి కొట్టే మధ్యాహ్నాలు సింగరాయకొండలోనూ అది చల్లగానే ఊదుతుంది. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక తేమ పెరుగుతుంది, అప్పుడు కూలర్ గదిని జిడ్డు జిడ్డు చేయడం తప్ప ఏం చేయలేదు. వీళ్ల కష్టం రాత్రిది.

తమ్ముడూ, లెక్క చూడు. మిట్టమధ్యాహ్నం చదరపు మీటరు మీద దాదాపు 1,000 వాట్ల ఎండ పడుతుంది. నీ 340 అడుగులంటే 31 చదరపు మీటర్ల పైమాట. అంటే ఆ వేళకి నీ నెత్తి మీద 30 కిలోవాట్ల ఎండ. సిమెంటు రంగు స్లాబు అందులో మూడింట రెండు వంతులు తాగేస్తుంది. 2 కిలోవాట్ల గీజర్లు పది తెచ్చి మిద్దె మీద పెట్టి స్విచ్చి వేసినట్టు. తాగిందంతా లోపలికి దిగదు, చాలా భాగం గాలికే పోతుంది. మిగిలింది మాత్రం కాంక్రీటు దాచుకుని పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లవారుజాము దాకా కక్కుతుంది. నువ్వు చెయ్యి పెట్టి చూసింది దాన్నే. పైన మేడ లేని ఇంటికి గోడలకంటే కప్పు నుంచి వచ్చే వేడే ఎక్కువ.

అదే స్లాబుకి తెల్లగా సున్నం కొడితే, కొత్తలో నూటికి 70 వంతుల పైనే ఎండ తిరిగి ఆకాశంలోకి పోతుంది. పది గీజర్లలో నాలుగైదే మిగులుతాయి. అయ్యే ఖర్చు కూలర్ ఖరీదులో పావు వంతు కూడా ఉండదు.

థర్మకోల్ సీలింగ్ మాత్రం వద్దే వద్దు. స్లాబు ఎప్పటిలాగే కాగుతుంది, వేడికీ నీకూ మధ్య అట్ట పెట్టుకున్నట్టు మాత్రమే. పైగా నిప్పంటుకుంటే కరిగి కారుతూ మండుతుంది, ఊపిరాడనివ్వని పొగ వస్తుంది. గ్యాసు పొయ్యి, పసిబిడ్డ ఒకే చోట ఉండే ఇంట్లో ఆ ఆలోచనే చేయకు. ఎలుకలు కాపురం పెట్టడం సరేసరి.

వేడిని ఆపే పలక ఏదైనా స్లాబు పైన వేయాలి. ఇళ్ల కట్టుబడికి కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అనే నియమావళి తెచ్చింది. ఒక డిగ్రీ తేడాకి చదరపు మీటరు కప్పులోంచి 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదని అందులో ఉంది. ఉత్త 4 అంగుళాల స్లాబుకి లెక్క కడితే 3.5 దాటుతుంది. అంగుళం మందం గట్టి ఫోమ్ పలకలు పరిచి, మీద గచ్చు వేస్తే 1.2 లోపలికి వస్తుంది. అది 10 వేలలో తేలే పని కాదు, ఎప్పుడైనా పైన వాటర్‌ప్రూఫింగ్ చేయించేటప్పుడు గుర్తుపెట్టుకో. ఇప్పటికి ముందు కప్పు, ఆ తర్వాత గాలి దారి, ఆ తర్వాత ఫ్యాను. అన్నీ అయ్యాక డబ్బు మిగిలితే కూలర్.

కనిగిరి టీచరమ్మ
ఫిబ్రవరి 21, సాయంత్రం 5:40

మా వైపు గాలి పొడి కాబట్టి కూలర్లు బాగానే పని చేస్తాయి, కానీ నీళ్లో? కనిగిరి ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగే నీళ్లు ట్యాంకరు వస్తేనే. రోజూ కూలర్‌లో పోసే నీళ్లతో ఇంటి అవసరాలు ఎన్ని తీరుతాయో మాలాంటివాళ్లని అడగండి. అందుకే నేను ఆరేళ్లుగా స్లాబుకి సున్నమే కొట్టిస్తున్నాను. మొదటి ఏడు మా వీధిలో వింతగా చూశారు. గోడకి కొట్టాల్సింది మిద్దెకి కొడతావేంటమ్మా అని. ఇప్పుడు మా వరసలో ఏడిళ్లకి ఉంది.

ఒక సంగతి నా చేదు అనుభవం. మధ్యలో ఒకసారి సున్నం దేనికిలే అని ఒక షాపులో కూల్ పెయింట్ అడిగాను. ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు. అది గోడలకి వేసే మామూలు తెల్ల రంగేనని కార్తీక మాసం వానలకి తెలిసింది. పొట్టు పొట్టుగా లేచిపోయింది. 4,200 రూపాయలు. నిజమైన కూల్ రూఫ్ పెయింట్ డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అని, ఎండని ఎంత తిప్పికొడుతుందో చెప్పే ఒక సంఖ్య వేసి ఉంటుంది, మంచి తెల్ల రంగుకి అది 100కి అటూ ఇటూగా ఉంటుంది. అది కనబడకపోతే కొనకండి. 18 వేలు అడిగినాయన్ని కూడా ముందు ఆ డబ్బా చూపించమనండి.

సింగరాయకొండ చిన్నోడు
ఫిబ్రవరి 21, రాత్రి 10:15

సివిల్ అన్నా, టీచరమ్మా, చాలా సంతోషం. గీజర్ల లెక్క అమ్మకి చదివి వినిపించాను, రేపే సున్నం తెమ్మంటోంది. ఎంత తేవాలి, ఎట్టా కలపాలి? ఉత్త సున్నం అయితే కాళ్లకి అంటుకుంటుంది, వానకి పోతుంది అంటున్నారు.

మేస్త్రి కొడుకు, కావలి
ఫిబ్రవరి 22, ఉదయం 5:30

అబ్బయా, ఇది మా నాయన దగ్గర నేర్చుకున్న పని, నేను చెప్తా.

సున్నం రాతి సున్నమైనా సరే, గుల్ల సున్నమైనా సరే. పిడుగురాళ్ల నుంచి వచ్చే రాతి సున్నం అంతటా దొరుకుతుంది. గుల్ల సున్నం నున్నగా, పాలలాగా తెల్లగా పడుతుంది, దొరికితే వదలొద్దు. నీ మిద్దెకి రెండు చేతులు కొట్టడానికి 15 కిలోలు తెచ్చుకో. కాల్చిన గడ్డ సున్నమైతే ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, అందులోకి సున్నం కొంచెం కొంచెం వెయ్యాల. సున్నం మీద నీళ్లు పోస్తే చిమ్ముద్ది. ప్లాస్టిక్ బకెట్ వాడినావంటే అడుగు కరిగిపోద్ది, అంత కాగుద్ది అది. కళ్లకి అద్దాలు, చేతులకి తొడుగులు తప్పనిసరి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానీయబాకండి. మా పెదనాయన ఒక కన్ను సగం పోయింది ఈ సున్నం చిమ్మే.

రాత్రంతా నాననిచ్చి పొద్దున పాత పంచె గుడ్డలో వడగట్టు. అట్టా వడగట్టిన 10 కిలోల సున్నానికి 2 కిలోల వైట్ సిమెంటు, అర కిలో ఫెవికాల్ కలుపు. పూర్వం తుమ్మబంక, గంజి వేసేవాళ్లు, దానికి పట్టు అంతే ఉంటుంది గానీ కాసుకోవడం పని. పలచటి మజ్జిగలాగుండాల. చిక్కగా కొడితే పెచ్చులు లేస్తాయి.

ఇప్పుడు అసలు మాట. ముందు స్లాబు చూసుకో. నెర్రెలుంటే వాటిని పూడ్చు, నాచు ఉంటే గీకు, చీపురుతో ఊడ్చి కడుగు. స్లాబు చెమ్మగా ఉండగానే మొదటి చెయ్యి కొట్టాల. ఎండెక్కినాక కొట్టినావంటే చెయ్యి తీసేలోపు ఆరిపోయి పొడిపొడిగా రాలుద్ది. అందుకే పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగాల. రెండో చెయ్యి మర్నాడు పొద్దున, మొదటిదానికి అడ్డంగా.

మనకి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గదా. ఆ తుపాను వానలకి సగం సున్నం పోద్ది. పోనీ. సంక్రాంతికి గోడలకి వెల్ల వేస్తాం గదా, ఆ చేత్తోనే ఏటా మిద్దెకీ ఒక చెయ్యి వేస్తే సరి. చలికాలం స్లాబు ఎంత తెల్లగుంటే ఎవరికేంది. ఎండలకి తెల్లగుండాల.

టీచరమ్మ చెప్పిన పెయింట్ మూడు నాలుగేళ్లు వస్తుంది, నిజమే. డబ్బున్నోళ్లు వేసుకోవచ్చు.

ఒంగోలు గిత్త
ఫిబ్రవరి 22, ఉదయం 8:10

కూలర్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేనూ కొట్టిస్తా. మా మిద్దె మీద చీమకుర్తి గ్రానైట్ ముక్కలు పరిచి ఉన్నాయి, క్వారీలో పనిచేసే మా బామ్మర్ది చౌకగా తెచ్చాడు. వాటి మీద సున్నం నిలుస్తుందా?

నెల్లూరు సివిల్
ఫిబ్రవరి 22, ఉదయం 10:05

గిత్తగారూ, చీమకుర్తి గెలాక్సీ అంటే నల్లరాయి, అందులోనూ పాలిష్ ముక్కలు. నలుపు ఎండని వదలదు. పాలిష్ రాయి మీద సున్నం అసలు నిలవదు. మార్కాపురం పలకలూ, ముదురు రంగు నాపరాళ్లూ పరిచిన మిద్దెలదీ ఇదే కథ, కాకపోతే గరుకు నాపరాయి మీద రంగు పడుతుంది. మీరు షేడ్ నెట్ కట్టండి. నర్సరీల వాళ్లు వాడే ఆకుపచ్చ వల. మిద్దెకి అడుగున్నర, రెండడుగుల ఎత్తున కట్టాలి, కింద గాలి ఆడాలి. అక్టోబరు రాకముందే విప్పి మడిచి లోపల పెట్టండి. తుపాను గాలికి వల తెరచాపలాగా పట్టి కట్టిన పిట్టగోడని కూడా లాగేస్తుంది.

కొత్తగా పరిచేవాళ్లకి ఒక మాట. తెల్ల టైల్స్ పగిలినవి షాపుల వెనక గుట్టలుగా పోసి ఉంటాయి. ఆ ముక్కలు సిమెంటులో పొదిగితే ఏటా సున్నం కొట్టే పని లేదు, మిరపకాయలు ఆరబోసుకోవచ్చు, కాళ్లకి అంటదు.

పల్లెపాలెం పడవ
ఫిబ్రవరి 23, రాత్రి 9:30

స్లాబు ఉన్నోళ్ల మాటలే జరుగుతున్నాయి. మా పల్లెపాలెంలో సగం ఇళ్లు రేకులే. సిమెంటు రేకులు కొన్ని, ఇనప రేకులు కొన్ని. ఉప్పు గాలికి ఇనప రేకు నాలుగేళ్లు ఆగదు. మధ్యాహ్నం మా ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుంటే పైన రేకు, ముందు మంట. చీర చెంగు పిండితే నీళ్లు కారతాయి. రేకు రాత్రికి తొందరగానే చల్లారుద్ది, అది మాత్రం మేలు. పగటి పూటే బతకలేం. పిల్లోళ్లు ఇంట్లో ఉండరు, పడవల నీడన పడుకుంటారు. మాకేమన్నా దారి చెప్పండి.

నెల్లూరు సివిల్
ఫిబ్రవరి 24, ఉదయం 7:00

అన్నా, మీ ప్రశ్నే ముందు రావాల్సింది. కాస్త వివరంగా రాస్తాను, దయచేసి మొత్తం చదవండి.

సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. రేకు కదలకుండా ఉన్నంతకాలం పరవాలేదు. కోసినా, రంధ్రం చేసినా, ఇనప బ్రష్‌తో గీకినా కంటికి కనబడని నార గాల్లోకి లేస్తుంది. అది ఊపిరితిత్తుల్లో చేరితే పోదు, ఏళ్ల తర్వాత క్యాన్సర్ తెస్తుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. కాబట్టి నాచు తీయాలంటే ముందు నీళ్లతో బాగా తడపండి, తడిగా ఉండగానే మెత్తటి కొబ్బరి చీపురుతో తోయండి. ఎండు రేకుని ముట్టుకోవద్దు. పగిలిన ముక్కల్ని దంచి వాకిట్లో గుంటలు పూడ్చడం చాలా ఊళ్లలో చూశాను, అది అస్సలు చేయొద్దు.

రేకు మీద మనిషి ఎక్కకూడదు, పగిలి కింద పడితే నడుము విరుగుతుంది. నిచ్చెన వేసుకుని పొడవు కర్రకి బ్రష్ కట్టి సున్నం కొట్టండి. ఎక్కక తప్పకపోతే బోల్టుల వరస మీదుగా చెక్క పలక వేసి, దాని మీదే కాలు పెట్టాలి. సిమెంటు రేకు మీద మేస్త్రి కొడుకు చెప్పినట్టు కలిపిన సున్నం బాగానే పట్టుకుంటుంది. ఇనప రేకుకి సున్నం పనికిరాదు, రాలిపోవడమే కాదు, మీ ఉప్పు గాలిలో తుప్పు కూడా. దానికి తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, పైన తెల్ల ఎనామిల్ వేయాలి.

రేకుకి తెలుపు ఒక్కటే చాలదు, పలచటిది కాబట్టి వేడి వెంటనే దిగుతుంది. లోపల ఈత చాపలో తాటాకు తడికలో రేకుకి జానెడు కింద కట్టి, రెండు కొసలా గాలి పోయే సందు వదలండి. పొయ్యి ఉన్న వైపు మాత్రం కట్టొద్దు.

కనిగిరి టీచరమ్మ
ఫిబ్రవరి 24, సాయంత్రం 6:20

రేకుల మీదికి సొర తీగ పాకించే పద్ధతి మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. మా అమ్మమ్మ వాళ్లింట్లో రేకుకి మూరెడు ఎత్తున సర్వి కర్రలతో పందిరి వేసి, దాని మీదికి సొర, బీర, తీగబచ్చలి పాకించేవాళ్లు. ఎండలకి నీడ, ఇంటికి కూర. తీగని నేరుగా రేకు మీద పాకిస్తే కాయలు కోయడానికి ఎవరో ఒకరు ఎక్కుతారు, అందుకని పందిరే మేలు. విత్తనం ఇప్పుడే పెట్టండి, ఏప్రిల్‌కి అల్లుకుంటుంది. గిన్నెలు కడిగిన నీళ్లు చాలు దానికి.

దర్గామిట్ట అద్దె ఇల్లు
ఫిబ్రవరి 26, రాత్రి 12:05

నెల్లూరులో పై పోర్షన్‌లో అద్దెకుంటున్నాను. సున్నం సంగతి ఓనరుని అడిగితే మెట్లకి మరకలవుతాయి వద్దన్నారు. నా డబ్బుతో నేను కొట్టిస్తానన్నా ఒప్పుకోలేదు. పై పోర్షన్ అద్దె 500 తక్కువ, ఆ 500 కోసమే ఇక్కడున్నాం. మాలాంటివాళ్లు ఏం చేయాలి? ఇల్లు మాది కాదు, సెగ మాది.

రొయ్యల చెరువు
ఫిబ్రవరి 26, ఉదయం 6:40

మేత సంచులు అన్నా. రొయ్యల మేత వచ్చే తెల్ల సంచులు మా చెరువుల దగ్గర గుట్టలు పడి ఉంటాయి. విప్పి, తిరగేసి, అచ్చు లేని తెల్ల వైపు పైకి వచ్చేట్టు గోనె సూదితో కుట్టుకుంటే పెద్ద దుప్పటి అవుద్ది. మిద్దె మీద పరిచి నాలుగు మూలలా, మధ్య మధ్యలో ఇటుకలు పెడితే సరి. మా కాపలా గది మీద అదే పరిచాం. మరకా లేదు, మేకూ లేదు, ఇల్లు మారేటప్పుడు చుట్టుకుని పోవచ్చు. ఓనరు ఏమంటాడు?

ఒక్క సీజనే వస్తుంది. ఎండకి సంచి పెళుసెక్కి పీలికలు రాలుద్ది. ఆ పీలికలు కాలవల్లోకి పోకముందే జూన్‌లో తీసేయాల. సంచులు బాగా కడగకపోతే మేత వాసనకి చీమలు, ఎలుకలు వస్తాయి.

కరెంటు లెక్కలు
ఫిబ్రవరి 27, మధ్యాహ్నం 1:30

చిన్నోడూ, నీ బిల్లు ఎన్ని యూనిట్లు వస్తుంది? ఫ్యాన్లు ఎప్పటివి?

సింగరాయకొండ చిన్నోడు
ఫిబ్రవరి 27, రాత్రి 8:45

వేసవిలో 110 దాకా. పాత ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్యాన్లు రెండు, చిన్న ఫ్రిజ్, టీవీ, బల్బులు.

కరెంటు లెక్కలు
ఫిబ్రవరి 27, రాత్రి 10:30

అయితే విను. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకి 16 గంటలు తిరిగితే నెలకి 36 యూనిట్లు, రెండిటికీ 72. నీ 110లో మూడింట రెండు వంతులు ఫ్యాన్లే. బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటు తాగే కొత్త రకం మోటారు ఉన్నది, అదే గాలికి 30 వాట్లు. రెండూ మారిస్తే నెలకి 43 యూనిట్లు తగ్గుతాయి.

2025-26 టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50. 110 యూనిట్లకి ఎనర్జీ ఛార్జీలు 349 రూపాయలు. 67 యూనిట్లకి 168. అంటే నెలకి 180 రూపాయల పైన మిగులుతుంది. సర్దుబాటు ఛార్జీలు యూనిట్ల మీదే వేస్తారు కాబట్టి అవీ తగ్గుతాయి. ఫ్యాను 2,700 అనుకో, రెండిటికీ 5,400. 9 నెలలు తిప్పితే ఏడాదికి 1,600, మూడున్నర ఏళ్లలో డబ్బు తిరిగొస్తుంది. ఫ్యాన్లకి 2023 జనవరి నుంచి స్టార్ గుర్తు తప్పనిసరి, 5 స్టార్ చూసి తీసుకో. ముందు పడకగదిది మార్చు, రెండోది మరుసటి ఏడు.

నెల్లూరు సివిల్ చెప్పిన వరస నాకూ సమ్మతమే, ఒక మాట కలుపుతాను. సున్నం కొడితే కరెంటు బిల్లు తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఏసీ ఉన్నవాళ్లకి తగ్గుతుంది. ఏసీ లేని ఇంట్లో ఫ్యాను ఎలాగూ తిరుగుతుంది. పేదవాళ్ల ఇంట్లో కప్పు చల్లబడితే మిగిలేది నిద్ర. ఏ పథకమైనా ఎన్ని యూనిట్లు ఆదా అయ్యాయని లెక్క చూస్తుంది, ఆ లెక్కలో మన ఇళ్లు ఎప్పుడూ సున్నాలాగానే కనిపిస్తాయి. వాడనిదాన్ని ఆదా ఎలా చేస్తాం? అందుకే ఈ పనులు మన గడప దాకా రావు.

ఒంగోలు గిత్త
ఫిబ్రవరి 28, ఉదయం 7:15

సోలార్ సంగతి ఎవరూ ఎత్తలేదు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కి 30 వేలు సబ్సిడీ ఉంది గదా?

కరెంటు లెక్కలు
ఫిబ్రవరి 28, ఉదయం 9:00

ఉంది. కిలోవాట్ ప్యానెల్ రోజుకి 4 యూనిట్లు ఇస్తుంది. 67 యూనిట్ల ఇంటికి దాని మీద వచ్చే మిగులు స్వల్పం, సొంత వాటా పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకి 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెడతామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది, అర్హత ఉన్నవాళ్లు ఊరి సచివాలయంలో అడగాలి. ప్యానెళ్లు స్టాండు మీద ఎత్తుగా పెడితే కింద స్లాబుకి నీడ కూడా దొరుకుతుంది, అది గట్టి లాభం. ఏదైనా సున్నం తర్వాతే.

కనిగిరి టీచరమ్మ
మార్చి 1, ఉదయం 11:10

నాకు ఒక కోపం ఉంది, ఇక్కడ చెప్పుకుంటాను. 2015 మే వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా పోయారు. ఎక్కువ మంది పోయిన జిల్లాల్లో మన ప్రకాశం ఒకటి. మా బడిలో నాలుగో తరగతి పిల్ల తాతయ్య పోయింది ఆ నెలలోనే, పొలంలో కాదు, రేకుల ఇంట్లో మంచం మీద. వడదెబ్బ అంటే ఎండలో తిరిగినవాళ్లకే అనుకుంటాం. ముసలివాళ్లకి ఇల్లే వడదెబ్బ.

అహ్మదాబాద్ 2010 ఎండలకి జనం పోతే 2013లో వేడి ప్రణాళిక రాసుకుంది, తర్వాత బస్తీల్లో కప్పులకి తెల్ల రంగు వేసింది. అక్కడి మహిళా హౌసింగ్ ట్రస్టు ఆడవాళ్లతోనే ఆ పని చేయించింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇన్ని వేల కాలనీ ఇళ్లు కట్టిన మన దగ్గర, బిల్లు చెల్లించే ముందు స్లాబు మీద తెల్లగా ఒక చెయ్యి కొట్టారా అని చూసే ఒక్క గడి ఆ కాగితంలో ఉండాల్సింది. పునాదికి ఫొటో, లింటెల్‌కి ఫొటో, స్లాబుకి ఫొటో అడిగారు. ఇంకొక్క ఫొటో. సచివాలయంలో అర్జీ రాసి ఇచ్చాను. మీరూ ఇవ్వండి, పదిమంది అడిగితే కదులుతుంది.

సింగరాయకొండ చిన్నోడు
మార్చి 17, రాత్రి 9:50

చేశామండీ. మా ఒక్క ఇల్లే కాదు, మా వరసలో తొమ్మిదిళ్లు.

అమ్మ గీజర్ల లెక్క వీధంతా చెప్పింది. అందరం డబ్బు వేసుకుని సున్నం ఒకేసారి తెచ్చాం, ఇనప డ్రమ్ము ఒకటే, కళ్లద్దాలు మూడు జతలు. శనివారం సాయంత్రం నానబెట్టి, ఆదివారం పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా అన్నీ ముగించాం. సోమవారం రెండో చెయ్యి. మా ఇంటి వాటాకి బ్రష్‌లతో కలిపి 1,150 రూపాయలైంది. నెర్రెలు పూడ్చడానికి ఇంకో 300. పడకగదికి ఫ్యాను మార్చాను. ఎదురింటివాళ్లు వెంటిలేటర్‌కి దోమలని అట్టముక్క కొట్టినట్టే మేమూ కొట్టాం, అది పీకేసి దోమల జాలీ బిగించాను. పడమటి గోడ పక్కన రెండు మునగ కొమ్మలు నాటాను.

నిన్న రాత్రి పదిన్నరకి మళ్లీ మంచమెక్కి చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది. ఆనించి ఉంచగలిగాను, లెక్కపెట్టడం మర్చిపోయాను. ఇంకా మార్చే కదా, అసలు ఎండలు ముందున్నాయి, మే నెలలో మళ్లీ రాస్తాను.

నెల్లూరు సివిల్
మార్చి 17, రాత్రి 10:40

చాలా మంచి పని చేశావు తమ్ముడూ. పగలు పదకొండు దాటాక పడమటి కిటికీ మూసెయ్, పడమటి గాలి తగ్గి సముద్రపు గాలి తిరిగాక తూర్పుదీ పడమటిదీ రెండూ తెరువు. గాలి ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోవాలి.

సింగరాయకొండ చిన్నోడు
మే 27, ఉదయం 5:20

రోహిణి కార్తె వచ్చి రెండు రోజులైంది. మొన్న పడమటి గాలి రాత్రి తొమ్మిది దాకా తగ్గలేదు. ఇల్లు చల్లగా ఉందని చెప్పను, వేడిగానే ఉంది. కానీ పదకొండు దాటాక బయటికీ లోపలికీ పెద్ద తేడా లేదు. నిరుడు ఈ రోజుల్లో తెల్లారేదాకా సెగే. అమ్మ తువ్వాలు తడుపుకోవడం మానేసింది. అక్కకి పాప. ఏడు వారాలు. ఇప్పుడు నా పక్కనే ఉయ్యాల్లో నిద్రపోతోంది, రాత్రి పాల కోసం రెండుసార్లే లేచింది.

సున్నం మీద దుమ్ము పట్టి కాస్త బూడిద రంగు తిరిగింది. ఒకసారి కడిగితే చాలా, ఇంకో చెయ్యి కొట్టాలా?

మేస్త్రి కొడుకు, కావలి
మే 27, ఉదయం 5:45

కడుగు అబ్బయా, చాలు. మెత్తటి చీపురు, బకెట్ నీళ్లు. రుద్దబాకు, ఊరికే తోయి. పాపకి మా ఆశీస్సులు.

పల్లెపాలెం పడవ
మే 27, ఉదయం 6:30

మా వీధిలో పన్నెండు రేకుల ఇళ్లకి కొట్టాం, తడికలు నాలుగిళ్లకే కట్టగలిగాం. టీచరమ్మ చెప్పిన సొర పందిరి మా ఆవిడ వేసింది, కాయలు కూడా దిగాయి. చిన్నోడూ, మీ ఇనప డ్రమ్ము ఖాళీగా ఉందా? అవతలి పాలెం వాళ్లు ఎల్లుండి కొడతామంటున్నారు.

సింగరాయకొండ చిన్నోడు
మే 27, ఉదయం 6:34

ఉంది అన్నా. రేపు సాయంత్రం ఆటోలో పంపిస్తా, కళ్లద్దాలు కూడా అందులోనే పెడతాను.